రెప్పలు పెట్టకముందు

కళ్ళు మూసుకోమంది ఒపాలీన్. కాజ్ మూసుకున్నాడు. కదలొద్దంది, బిగుసుకుని కూర్చున్నాడు. యాభై రెండేళ్ళొచ్చిన మనిషి గడ్డం కింద తువ్వాలు దోపించుకుని, ఖాళీ బీరు పెట్టెల మధ్య మడత కుర్చీలో, మొహాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టి కూర్చోవడం ఏం బతుకో, ఆవిడ గడ్డం పట్టుకుని అటు తిప్పితే అటు తిరగాలి, ఇటు తిప్పితే ఇటు తిరగాలి. బడిపిల్లలు బొమ్మలంటించుకునే జిగురు కడ్డీ తెచ్చి వెంట్రుకలు అణిగిపోయేలా కనుబొమలమీద రుద్దుతోంది, ఒకసారి కాదు, మూడుసార్లు, ప్రతిసారీ ఆరేదాకా అట్టముక్కతో విసురుతూ. ఇవి కనుబొమలా, బూట్లు తుడుచుకునే బ్రష్షులా అంటోంది. నవ్వకూడదు, నవ్వితే జిగురు పగులుతుంది, అయినా నవ్వొచ్చే మాట ఎప్పుడన్నది గనక. తువ్వాలు కింద, చొక్కా జేబులో, కాగితం ఊపిరి తీసినప్పుడల్లా కరకరలాడుతోంది. ఒక్క సంతకం కావాలి. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది, నాలుగింటికి ఆట, ఆరింటిలోగా ఆ కాగితం ఒపాలీన్ సంతకంతో క్లీవ్‌లాండ్‌లో గ్యాలరీ ఆవిడకి చేరాలి, చేరకపోతే గోడమీద అతను తీసిన ఒపాలీన్ ఫోటోకి ఉంచిన చోటు ఇంకెవరికో పోతుంది. ఆ సంతకం కోసమే ఈ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు, లేకపోతే ఎవడు కూర్చుంటాడు.

పదకొండేళ్ళు తప్పించుకున్నాడు. ఈ డ్రై డాక్ బారులో ఏటా ఒక ఆదివారం తారుమారు ఆట జరుగుతుంది. రోజూ ఆడవేషం కట్టే రాణులు ఆ పూట మామూలు బట్టల్లో బల్లల దగ్గర కూర్చుని తాగుతారు, రోజూ గ్లాసులు నింపేవాళ్ళూ, పాటలు పెట్టేవాడూ, తలుపు దగ్గర కాపలా నిలబడేవాళ్ళూ వేషం కట్టి స్టేజీ ఎక్కి అఘోరిస్తారు, వచ్చిన చందాలతో లేనివాళ్ళకి చలికోట్లు కొంటారు. కోట్లు మంచివే, ఆ మాట కాజ్ కూడా కాదనడు, ఆ ఆట చూడటమే నరకం. తలుపు దగ్గర నిలబడే రూత్ ఆన్ ఆరడుగుల ఆడమనిషి, జుట్టు సిపాయిలా కత్తిరించుకుంటుంది, ఆమెని తారుమారు చెయ్యడానికి ఏం చెయ్యాలో ఎవరికీ తోచక పెళ్ళికూతురి గౌను తొడుగుతారు, అది వేసుకుని ఆమె ఏటా అదే పాటకి ఏడుపు మొహంతో పెదాలాడిస్తుంది, జనం ఏటా అదే మొదటిసారి చూస్తున్నట్టు చేతులు వాచేలా చప్పట్లు కొడతారు. సన్నాసులు. కాజ్‌నీ ఏటా అడిగేవాళ్ళు. నేను వేషం కడితే ఫోటోలెవరు తీస్తారు అనేవాడు, అక్కడితో ఆ మాట ఆగేది. ఈ ఏడు ఆ రాణుల్లో పెద్దదైన ఒపాలీన్ తల కూడా ఎత్తకుండా, "ఫోటోలదేముందిలే, అందరి జేబుల్లోనూ ఫోన్లేగా" అంది. ఆ రాత్రి అతనికి కోపంతో నిద్ర పట్టలేదు. నలభై వేల ఫోటోలు తీశాడు, ఫోన్లున్నాయట.

స్పాంజి చల్లగా తగిలింది, చెంపమీద నుంచి మెడదాకా, గోడకి సున్నం కొట్టినట్టు ఒకటే బాదుడు. ఈవిడ చెయ్యి బరువు. బరువుండదా మరి, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి బస్సు తోలుతున్న చెయ్యి, ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ అనరు, లోపలికొచ్చాక పగటిపేరు పలకకూడదు, అదో పెద్ద వ్రతం వీళ్ళకి. పగటిపేరు ఎవరెట్ టిల్మన్, మగపేరే. బస్సెక్కినప్పుడు ఆవిడ చొక్కా మీద చదివాడు, కాగితంలో అదే రాశాడు. గ్యాలరీ ఆవిడకి అసలు పేరు కావాలట, లేకపోతే చట్టం ఒప్పుకోదట. ప్రిస్కిల్లా వేన్ ఆమె పేరు, మెడలో గులకరాళ్ళ దండ, మాట్లాడినంతసేపూ చేతులతో గాలి పిసుకుతుంది. ఈ ఫోటోలో నిజం ఊపిరి తీసుకుంటోంది కాజ్‌గారూ అంది. నిజానికి ఊపిరేమిటి నీ మొహం. మీ సమాజం మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిచ్చిందో ఇందులో తెలుస్తోంది అంది. సమాజమట. టొలీడోలో లాగ్రాంజ్ వీధిలో పుట్టి, పోలిష్ చర్చిలో బాప్తిస్మం తీసుకుని, బీమా కంపెనీకి సొట్టలు పడ్డ కార్ల ఫోటోలు తీసి పొట్టపోసుకునేవాడికి సమాజమేమిటి. ఎవరి సమాజం. ఈ జిగురు రాసుకునేవాళ్ళదా. ఆమె ముందు మాత్రం పళ్ళికిలించి తలూపి వచ్చాడు, అది గుర్తొస్తే తనమీద తనకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

సొట్టలే అతన్ని ఇక్కడికి తెచ్చాయి. పదకొండేళ్ళ కిందట ఓ గురువారం పట్టపగలు ఈ బారు వెనక ఒక నీలం బ్యూయిక్ కారు, ముందు చక్రం మీద రేకు నుగ్గునుగ్గయింది, పాలవ్యాను గుద్దింది. కొలబద్ద పెట్టి ఫోటో తీసుకుపోదామని వచ్చాడు. కారు యజమాని ఈ ఒపాలీనే, బయటికొచ్చింది, ఆకుపచ్చ తగరం మెరుపుల గౌను, మూరెడు ఎత్తు విగ్గు, మధ్యాహ్నం రెండింటికి, ఏదో రిహార్సలట. కారు పక్కన నడుం మీద చెయ్యేసి నిలబడింది. అమ్మా, మీరు పక్కకి తప్పుకోవాలి, కారొక్కటే పడాలి అన్నాడు. దెబ్బ తిన్నది ఇద్దరం, ఇద్దరం పడతాం అంది. తప్పుకోలేదు. ఎంత బతిమాలినా కదల్లేదు. పదిహేను నిమిషాలు వాదించి, ఛీ నా ఖర్మ అనుకుని నొక్కాడు. ఆఫీసులో ఆ ఫోటో చూసి పగలబడి నవ్వి తిప్పి పంపారు, మళ్ళీ వెళ్ళి తీసుకు రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళాడు. కారు ఎప్పుడో షెడ్డుకి పోయింది, అయినా శుక్రవారం వెళ్ళాడు, ఆ పై శుక్రవారం వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావని ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరు, ఉంటే చెప్పడానికి తన దగ్గర జవాబూ లేదు, నలభై ఒక్క ఏళ్ళ వయసులో మగవాళ్ళని చూసి తల తిప్పుకోవడం ఒక పనిగా పెట్టుకున్న మనిషి, అక్కడైతే కెమెరా ఉంది కాబట్టి తల తిప్పుకోనక్కర్లేదు. అంతే. ఆ మాట నోటితో ఎవరితోనూ అనలేదు. వీళ్ళూ అడగలేదు. అడిగితే కసిరి వెళ్ళిపోయేవాడు, అది తెలిసే అడగలేదేమో, ఏమో, అంత బుర్ర వీళ్ళకి లేదు.

ఆ నీలం బ్యూయిక్ తర్వాత ఏం చూశాడని, పదకొండేళ్ళూ. పెళ్ళికి ముందు ఆడపిల్లలు గుంపుగా ప్లాస్టిక్ కిరీటాలు పెట్టుకుని వచ్చి, రాణుల మెడల మీద వేలాడి, తామేదో ఘనకార్యం చేసినట్టు కిచకిచలాడి, కాలువలో కక్కుకుని పోతారు. జిమ్ములో కండలు పెంచిన కుర్రాళ్ళు స్టేజీ కంటే అద్దం వైపే ఎక్కువ చూస్తారు. ప్రతివాడూ తాను ఒంటరివాడినని ప్రతివాడికీ చెప్పుకుంటాడు, పక్కవాడు అదే మాట చెప్పబోతే మొహం తిప్పుకుంటాడు. రాణుల సంగతి సరేసరి. సోఫా దిండులో నురుగు కోసి తుంటికి కట్టుకుంటారు, నాలుగు జతల మేజోళ్ళు ఒకదానిమీద ఒకటి తొడుగుతారు, ఎవరి పాట ఎవరు దొంగిలించారని నెలలకి నెలలు మాట్లాడుకోరు. ఫోటో చూపిస్తే ముందు తమ నడుమే చూసుకుంటారు, వెలుగు చూడరు, నీడ చూడరు, కూర్పు చూడరు. టాబితా అని ఒక పిల్ల రాణి ఉంది, ఒపాలీన్‌ని అమ్మా అని పిలుస్తుంది, ఇక్కడి వాడుక ప్రకారం మొహానికి మొదట రంగెవరు వేస్తే వాళ్ళే అమ్మ. ఆ పిల్ల అతని చేత మూడువందల ఫోటోలు తీయించుకుని ఒక్కటీ బాలేదంది. బాగుండటానికి అక్కడ మొహముంటే కదా.

"పైకి చూడు. తల కాదు, కళ్ళు."

కళ్ళు పైకెత్తాడు. కప్పు మీద తేమ మరక. కంటి కింద కుంచె గీస్తుంటే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి, ఏడుస్తున్నావుటే అంది ఒపాలీన్, ఒసే తసే అనకు అన్నాడు, ఈ కుర్చీలో కూర్చున్నాక అందరూ ఒసేలే, నోరు ముయ్యి అంది. ఆవిడ ఊపిరి మొహానికి తగులుతోంది, పుదీనా బిళ్ళలు నమిలే అలవాటు. అడగొచ్చు ఇప్పుడు. ఇలా చూడు ఒపాలీన్, ఒక చిన్న సంతకం. అంత సులువుగా అడగగలిగితే ఇంత తతంగమెందుకు. ఆ ఫోటో ఏమిటో చెప్పాలి. చెబితే ఎప్పుడు తీశావంటుంది. అక్కడే చిక్కు.

ఎందుకంటే ఇక్కడ ఒకటే ఒక్క నియమముంది, మిగిలినవన్నీ చిత్తం వచ్చినట్టు తొక్కేస్తారు గానీ దీన్ని మాత్రం తాగి పడిపోయినవాడు కూడా దాటడు. రెప్పలు పెట్టకముందు ఫోటో లేదు. కళ్ళకి అంటించుకునే నల్లటి రెప్పవెంట్రుకలు, వేలెడంత పొడుగు, అన్నిటికంటే చివర పెడతారు. అవి పెట్టేదాకా కెమెరాకి మూత ఉండాలి, ఫోను జేబులో ఉండాలి. మొదటి శుక్రవారమే చెప్పారు. కాజ్ లోపల్లోపల నవ్వుకున్నాడు, వీళ్ళ మూఢనమ్మకాలు తగలెయ్య, సగం మొహమే కదా బొమ్మ, పూర్తయ్యాక మిగిలేది ముసుగేగా, ఫోటోల గురించి ఓనమాలు తెలియని వెధవలు నియమాలు పెడుతున్నారు అనుకున్నాడు. కారణం రూత్ ఆన్ చెప్పింది, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం, సిగరెట్టు పంచుకుంటూ. ఎనభై ఎనిమిదిలో గ్లాడిస్ అని ఒక రాణి ఉండేదట, పగలు గాజు ఫ్యాక్టరీలో కొలిమి పని. ఎవరో సరదాకి సగం మొహంతో ఫోటో తీశారు, అది చేతులు మారి మారి ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద తేలింది. రెప్పలు పెట్టి ఉంటే ఆ మొహం ఎవరిదో కన్నతల్లి కూడా పోల్చుకోలేకపోయేది, సగంలో ఉంది గనక కింద మగమనిషి తేటగా కనబడుతున్నాడు. గ్లాడిస్ మర్నాడు పనికి పోలేదు. ఆ వారం ఊళ్ళోనూ లేదు. ముప్ఫై ఏడేళ్ళయింది, బతికుందో లేదో ఎవరికీ తెలియదు. ఒపాలీన్‌కి మొదట రంగేసింది గ్లాడిసే. ఇది విన్నాక కూడా కాజ్ ఏమన్నాడు, కాలం మారిందిలే అన్నాడు. రూత్ ఆన్ సిగరెట్టు నలిపేసి లోపలికి పోయింది.

కాలం మారిందనే ఫిబ్రవరిలో నొక్కాడు. ఈ గదిలోనే. ఆ రోజు హీటరు పాడైంది, కిటికీ లోపలివైపు మంచు పేరుకుంది. ఒపాలీన్ తిరగేసిన బీరు పెట్టె మీద, తలకి విగ్గు కింద పెట్టుకునే మేజోడు టోపీ, మొహం ఎడమ సగం రాణి, కుడి సగం అరవై మూడేళ్ళ మగమనిషి, బిగించిన నడుంపట్టీ మీద బస్సు కంపెనీ కోటు కప్పుకుని, కాజ్ తెచ్చిన పియెరోగీలు, పోలిష్‌వాళ్ళ కూరిన కుడుములు, చల్లారిపోయినవి, రేకు కాగితంలోంచి చేత్తో తింటోంది. ఆకలి మీద ఉన్నవాళ్ళు తిన్నట్టు తింటోంది. ఎవరినీ చూడటం లేదు. కొత్త కెమెరా చప్పుడు చెయ్యదు. ఒక్కటంటే ఒక్కటి. ఇంటికెళ్ళి చూసుకుని కుర్చీలోంచి లేవలేదు, జన్మలో తీసిన సొట్టలూ రాణులూ అన్నీ కలిపినా దీనికి సరిరావు, ఇది తను తీసిందేనా అనిపించింది. ఎవరికీ చూపించనని ఒట్టేసుకున్నాడు. మూడు నెలలకి ప్రిస్కిల్లా వేన్‌కి పంపాడు. అదీ తన బతుకు. వీళ్ళందరినీ గడ్డిపోచలా చూస్తాడు, ఒక గులకరాళ్ళ దండ కాస్త మెచ్చుకుంటే మాత్రం ఒట్టు గట్టున పెడతాడు. వచ్చే ఏడు మార్చిలో ఒపాలీన్‌కి బస్సు నుంచి విశ్రాంతి, అప్పటిదాకా రోజూ పొద్దున్నే ఐదున్నరకి అదే చొక్కాతో, అదే పేరుతో, ఊరు ఊరంతటికీ తలుపు తెరిచి మూస్తుంది. గ్యాలరీ గోడమీద బొమ్మకి కాళ్ళు రావని ఎవరు చెప్పగలరు. గ్లాడిస్ బొమ్మకి వచ్చాయిగా.

కాజ్‌కి ఛాతీ జబ్బు చేసినప్పుడు, నాలుగేళ్ళయింది, మూడు వారాలు మంచం మీద. రూత్ ఆన్ రోజు విడిచి రోజు సూపు తెచ్చేది, ఉప్పు కషాయం, దాన్ని సూపనడం పాపం, తాగి గిన్నె కడిగి ఇచ్చేవాడు. టాబితా ఒకసారి వచ్చి మంచం పక్కన కూర్చుని తన గొడవే రెండు గంటలు చెప్పి పోయింది. ఒపాలీన్ రాలేదు. ఆవిడ బస్సు అతని ఇంటి ముందు నుంచే పోతుంది, ఆరూ పదికి, రోజూ సరిగ్గా ఆ కిటికీ ముందు ఆపి రెండుసార్లు హారను కొట్టేది, అతను గోడ పట్టుకుని లేచి కిటికీ దగ్గర కనబడేదాకా కదిలేది కాదు. బస్సులో జనం తిట్టుకునేవాళ్ళు. ఇతనూ తిట్టుకునేవాడు, జబ్బు మనిషిని పడుకోనివ్వదు, దిక్కుమాలిన హారను. ఐదున్నరకే మెలకువ వచ్చేసేది. ఆ హారను కోసం చెవులు రిక్కించుకుని పడుకునేవాడు. ఒకరోజు సెలవు పెట్టి ఆవిడ రాలేదు, ఇంకెవరో ఆగకుండా పోనిచ్చారు, ఆ పొద్దు కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాడు. జ్వరం వల్ల అనుకున్నాడు.

పౌడరు మొహమంతా చరిచింది ఒపాలీన్, తుమ్మొచ్చింది, ఆపుకున్నాడు. వెనకడుగు వేసి చూసింది. కనుబొమలు పోయాయి, పెదాలు పోయాయి, మొహం ఒలిచిన గుడ్డులా ఉండి ఉంటుంది, అద్దం వెనకుంది గనక కనబడదు, రంగు ఒక కన్ను మీదే వేసింది, రెండోది ఖాళీ. తలుపు తోసుకుని టాబితా లోపలికొచ్చింది, మామూలు చొక్కాలో, చేతిలో బీరు, వస్తూనే పగలబడి నవ్వింది.

"ఓరి నాయనో, బాబాయ్‌ని చూడండే. అమ్మా, ఒక్క ఫోటో, ఒక్కటే."

ఫోను పైకి లేవడం కాజ్ చూశాడు. నల్లటి అద్దం ముక్క, దాని మూల చిన్న కన్ను. నలభై వేలసార్లు తను అటువైపున్నాడు, ఇటువైపు ఎలా ఉంటుందో తెలియదు. ఆఫీసు కళ్ళముందు మెదిలింది, కాఫీ యంత్రం పైన నోటీసు బోర్డు, సొట్టల ఫోటో చూసి నవ్విన ఆ నలుగురూ, ఒలిచిన గుడ్డు మీద ఒక కన్నూ కింద తన చొక్కా కాలరూ. రెండు చేతులూ తమంతట తామే లేచి మొహాన్ని కప్పేశాయి, రంగు చెడుతుందని కూడా చూడలేదు.

"వద్దు. ఇంకా రెప్పలు పెట్టలేదు."

ఆ మాట తన గొంతులోంచే వచ్చింది. పెళ్ళి గౌనుకి గుండీలు పెట్టుకుంటున్న రూత్ ఆన్ చేతులు ఆగిపోయాయి.

"విన్నావుగా," అంది ఒపాలీన్, "ఫోను దించు."

టాబితా దించింది. తప్పయింది బాబాయ్ అంది, నిజంగానే అంది. ఒపాలీన్ అతని చేతులు మొహం మీంచి ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టింది, చెదిరిన రంగు సరిచేసింది, రెండో కన్ను పూర్తి చేసింది, కనుబొమలు కొత్తగా గీసింది, పెదాలు దిద్దింది. తర్వాత రెప్పల డబ్బా తెరిచింది.

"జిగురు వెయ్యడానికి పనికిమాలిన కాగితముంటే ఇయ్యి."

కాజ్ తువ్వాలు కింద చెయ్యి పెట్టి జేబులోంచి ఆ కాగితమే తీసిచ్చాడు. ఒపాలీన్ మడత విప్పింది. ఎవరెట్ టిల్మన్ అని అక్షరాలు పెద్దవే, కళ్ళద్దాలు అక్కర్లేదు. చాలాసేపు చదివింది. అతను మేకుల్లాంటి ఆవిడ గోళ్ళు చూస్తూ కూర్చున్నాడు, పారిపోవడానికి ఈ మొహంతో వీధిలోకి పోలేడు.

"ఎప్పుడు తీశావ్?"

"ఫిబ్రవరిలో. హీటరు పోయిన రోజు."

"ఎలా ఉన్నాను?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అలిసిపోయి ఉన్నావ్. ఆకలి మీదున్నావ్. నేను తీసిన వాటన్నిట్లోకీ అదే గొప్పది."

"నేను అలిసిపోతానని నా బస్సుకి తెలుసు," అంది ఒపాలీన్. "ఊళ్ళోవాళ్ళకెందుకు? నీకు తెలిసింది, చాలు." కాగితం ఎత్తి చూపించింది, "పనికిమాలిన కాగితమే అంటావా?"

"పనికిమాలిందే."

సరిగ్గా పేరు మీద జిగురు బొట్టు పెట్టింది. అందులో రెప్ప అంచు నెమ్మదిగా లాగి, జిగురు చిక్కబడేదాకా ఊదుతూ నిలబడింది. క్లీవ్‌లాండ్‌లో గులకరాళ్ళ దండ ఫోను పక్కన పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది, చూడనీ, ఆ గోడ బోసిపోనీ, లేదా ఎవడి పిల్లిబొమ్మో వేలాడదీసుకోనీ. ఇప్పుడు కూడా వీళ్ళంటే అతనికి గౌరవమేమీ పుట్టుకురాలేదు. స్టేజీ మీదికెళ్ళి నడుం ఊపి, జనం ముందు వెధవాయి కావాలి, ఆ సన్నాసులందరూ చప్పట్లు కొడతారు. కొట్టకపోతే బాధపడతాడని మాత్రం తెలిసిపోయింది, అదొక్కటే మింగుడుపడటం లేదు.

"ముయ్యి కళ్ళు." రెప్ప చల్లగా, బరువుగా కూర్చుంది. రెండోది కూర్చుంది. తెరవమంది. తెరిస్తే పైన నల్లటి చూరు దించినట్టు గది సగమే కనబడింది, దాని కింద రూత్ ఆన్ గౌను, బీరు పెట్టెలు, తలుపు దగ్గర నిలబడ్డ టాబితా.

"ఇప్పుడు తియ్యి," అంది ఒపాలీన్.

టాబితా ఫోను ఎత్తింది. కాజ్ వెనక కిటికీ ఉంది, ఆ వెలుగులో మొహమంతా నల్లగా పడుతుంది, ఈ పిల్లకి పదేళ్ళు నేర్పినా ఫోటో తీయడం రాదు. ఆ మాట అనబోయి ఆగి, గడ్డం కాస్త ఎత్తి, కదలకుండా కూర్చున్నాడు.